కుదిరిపోయిన బేరం

ఈ సోఫా కొన్నవాడెవడో గానీ వ్యాపారం తెలిసినవాడే, అనుకున్నాడు బట్టల కొట్టాయన, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేటట్టు అందులో కూరుకుపోయి. తన కొట్లో ఎత్తు స్టూళ్ళు వేయించాడు; వచ్చినవాడు చూడాల్సింది చూసి, కోయించుకోవాల్సింది కోయించుకుని లేవాలి, వెనకవాడికి చోటివ్వాలి. ఇక్కడ మాత్రం లేవనివ్వకూడదు, అందుకే ఇంత లోతు, ఇంత మెత్తన. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి, ఆ చెయ్యీ వాళ్ళదే అయివుంటుంది. గదికి కిటికీ లేదు. తలుపుకి గొళ్ళెమూ లేదు, పిడీ లేదు, పక్కన గోడకి ఒక నల్ల పెట్టె ఉంది. మెళ్ళో కార్డు వేలాడేవాళ్ళు దాని ముందు నిలబడితే తెరుచుకుంటుంది, మిగిలినవాళ్ళు నిలబడితే నిలబడ్డట్టే ఉంటారు. ఆ తలుపు అవతల, ఇంకో తలుపు అవతల, భార్య పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. పొద్దున ఆమె తుంటి ఎముకలోంచి ఎర్రగా, చిక్కగా తీసిన మూలుగ లోపల ఏదో మిషన్లో తిరుగుతోంది. దాన్ని తిప్పి, వడకట్టి, అందులోంచి మూలకణాలు వేరు చేసి, సూదిలోకెక్కించి ఆమె మెడ కింద వెన్నులో పొడుస్తారు. "గంట పడుతుంది సార్, మీరు హాయిగా కూర్చోండి" అని చెప్పి వెళ్ళింది ఈ క్లినిక్ కౌన్సిలర్ అమ్మాయి. గంట. ఈ గంటలో ఆపితే ఆగుతుంది. సూది దిగిందా, ఇంక ఎవరి చేతిలోనూ లేదు. కత్తెర పడ్డ గుడ్డ వాపసు తీసుకోబడదు అని తన కొట్లో గల్లాపెట్టె పైన తనే రాయించి పెట్టాడు, ఎన్నిసార్లు ఆ బోర్డు వైపు వేలు చూపించాడో, ఎంతమంది మొహాలు వేలాడేసుకుని వెళ్ళారో. ఇవాళ వేలు చూపించేవాళ్ళు వేరు.

"బావా, ఇంకోసారి చూడు," అంటూ బావమరిది ఫోను మొహం మీదికి తెచ్చాడు. చూడక్కర్లేదు, ఎదుటి గోడ మీద టీవీలో తిరుగుతున్నదీ అదే. ఒకాయన చక్రాల కుర్చీలో ఉంటాడు, తర్వాత అదే ఆయన తోటలో నడుస్తుంటాడు, మధ్యలో తెల్లకోట్లు, వెనకాల సంగీతం, అయిపోగానే మళ్ళీ కుర్చీలో కూలబడతాడు, పాపం, ఎన్నిసార్లు నడిచినా ఆయనకి విముక్తి లేదు. బావమరిది మంచివాడు, మంచితనమే వాడికి పట్టిన జబ్బు. ఏది చూసినా నమ్ముతాడు, ఏది నమ్మినా పదిమందికి పంపుతాడు. అక్క పడ్డ దగ్గర్నుంచి ఫోన్లో కనపడ్డ ప్రతి వైద్యాన్నీ భుజానేసుకుని మోసుకొచ్చాడు. "ఆ నడక చూశావా? నీకన్నా నయం." "చూశాన్రా." చూశాడు నిజమే, కానీ నడక కాదు. కుర్చీలో ఉన్నప్పుడు ఆయన బూట్ల అడుగులు కెమెరా వైపు ఉంటాయి, మడమ దగ్గర ఒక పక్కకి బాగా అరిగి ఉంటాయి. నేల తొక్కి ఏళ్ళయిన మనిషి బూట్లకి అంత అరుగుదల ఎక్కణ్ణుంచి వచ్చింది? పడకముందు కొన్నవేమో. ఎవరివో పాతవి తొడిగారేమో. భార్య చెప్పులు మాత్రం, అప్పటికి అరిగినవి అరిగినట్టే, అలమరలో లేవూ? ఇదే తంతు వారం నుంచీ. నమ్మకపోవడానికి ఒక కారణం దొరికితే చాలు, లోపల ఎవడో గబగబా నమ్మడానికి ఇంకోటి తెచ్చి అటు తక్కెట్లో పడేస్తాడు, ముల్లు మధ్యలోకి తెచ్చి చేతులు దులుపుకుంటాడు. కొట్లో తన తక్కెడకి ఎప్పుడూ అలా చెయ్యలేదు. గుడ్డ అంచు పట్టుకుని ఒక దారం లాగి చూస్తే ఏ మిల్లు సరుకో చెప్పగలిగినవాడు, దారం లాగడానికి ఇక్కడ భయపడుతున్నాడు.

భార్య అయితే దారం కూడా లాగదు. కళ్ళు మూసుకుని గుడ్డ తాను మీద అరచెయ్యి వేస్తుంది, అంతే. బజార్లో ఆమెకి కొలబద్ద అని పేరు; చేత్తో ఇలా జరిపి "ఇది చెప్పిన దానికన్నా జానెడు తక్కువుంది" అంటే కర్ర పెట్టి కొలిచినవాడే సిగ్గుపడేవాడు. సరుకు కొనడం ఆమె పని, అమ్మడం ఆయన పని, పెళ్ళైన కొత్తలో పంచుకున్న పంపకం అది. "మీకు కొనడం రాదండీ, అమ్మేవాణ్ణి చూస్తే మీకు జాలి, మీ వాడే అనుకుంటారు" అనేది. ఒక వాన రోజున గోడౌను మెట్ల మీద జారింది. ఎవరూ తొయ్యలేదు, మెట్టు విరగలేదు, చెప్పు తెగలేదు, ఎవరి పద్దులోనూ రాయడానికి వీల్లేని నష్టం. ఇంకొంచెం పైన, మెడలో దెబ్బ తగిలివుంటే చేతులు కూడా పోయేవన్నారు, వెంట్రుకవాసిలో దక్కాయన్నారు. ఛాతీ కింద నుంచి ఆమెది కాదు. చేతులు మాత్రం, వేళ్ళు మాత్రం, పూర్తిగా ఆమెవే. కౌంటరు ఎత్తు తగ్గించి కోయించాడు, చక్రాల కుర్చీ కింద పట్టేటట్టు. అక్కడ కూర్చుని ఇప్పటికీ తాను మీద చెయ్యి వేస్తుంది, ఇప్పటికీ మిల్లు ఏజెంట్లు ఆ చెయ్యి ఏమంటుందోనని గుటకలు మింగుతారు. రాత్రి పడుకోబెట్టాక అదే చేత్తో తన తొడని గిల్లి చూసుకుంటుంది, ఆయన నిద్రపోయాడనుకుని. ఎవరిదో కాలు తన పక్కలోకి వచ్చి పడుకున్నట్టు చూస్తుంది దాన్ని. ఇప్పుడు సూది పొడిచేది ఆ వెంట్రుకవాసి దగ్గరే. కాళ్ళు వస్తే రావచ్చు. చేతులు పోతే పోవచ్చు. కౌన్సిలర్ అమ్మాయి మొదటి ముక్క రెండుసార్లు చెప్పింది, రెండోది అడిగితే "అలాంటివి చాలా అరుదు సార్" అంది, అరుదు అన్న మాటని ఎంత ముద్దుగా అందంటే అది కూడా ఏదో బహుమానంలా వినపడింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ అలా మాట్లాడలేదు. ఆవిడ గదిలో సోఫా లేదు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద చల్లారిపోయిన టీ. మూలకణం అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పింది: ఒంట్లో మిగతా కణాలన్నీ ఎవరి పని వాళ్ళకి ఏర్పాటైపోయాయి, చర్మం చర్మమే, నరం నరమే, ఇదొక్కటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోనిది. ఆయన తన భాషలోకి మార్చుకున్నాడు. రంగు వెయ్యని కోరా తాను, కత్తెర పడనిది, చొక్కా అవ్వచ్చు, పరదా అవ్వచ్చు, దిండు గలీబూ అవ్వచ్చు. "అలాగే అనుకోండి," అని నవ్విందావిడ, "కానీ కుట్టేవాడెవడన్నదే అసలు ప్రశ్న. రక్తం జబ్బులకి ఎన్నో ఏళ్ళ నుంచి వాడుతున్నాం, మనుషులు బతుకుతున్నారు, నా చేతుల మీదే బతికారు. కంటి పైపొర కాలిపోయినవాళ్ళకి చూపు తెప్పిస్తున్నారు. వెన్ను దగ్గర మాత్రం ఇంకా దారి తెలీదండీ. ఎలకల్లో కొంత కదలిక చూశారు. మనుషుల మీద జాగ్రత్తగా పరీక్షిస్తున్నారు. ఆ కణానికి ఎక్కడికెళ్ళాలో, ఏమవ్వాలో, ఎక్కడ ఆగాలో మనం ఇంకా సరిగ్గా చెప్పలేకపోతున్నాం. ఆగకపోతే గడ్డ కడుతుంది. వెన్నులో గడ్డ అంటే తెలుసుగా?" ఎప్పటికి వస్తుందని అడిగాడు. "వస్తుందని నా నమ్మకం. ఎప్పుడో నాకు తెలీదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, నిజంగా పరీక్షించేవాళ్ళు మీ దగ్గర డబ్బు తీసుకోరు. తీసుకున్నారంటే మీరు పరీక్షలో లేరు, దుకాణంలో ఉన్నారు." సరుకు లేదని మొహాన చెప్పే కొట్టంటే ఆయనకి గౌరవం. ఆ గౌరవం పట్టుకుని బయటికొచ్చాడు. చేతిలో గౌరవం తప్ప ఏమీ లేదు. కుర్చీ తోస్తుంటే వెనక నుంచి భార్య పాపిడి మాత్రమే కనపడింది. ఇంటి ముందుకి వచ్చాక ఆమె "మంచి మనిషి" అంది. మంచి మనిషి అన్న మాటని తలుపు మూసినట్టు అనొచ్చని అప్పుడే తెలిసింది.

తర్వాత బావమరిది ఈ చోటు కనిపెట్టాడు. చూడ్డానికేం పోయింది, ఒకసారి చూసొద్దాం అన్నాడు. ఆ మాట తను రోజుకెన్నిసార్లు అంటాడు, గుమ్మం దగ్గర తటపటాయించే ప్రతి మనిషితోనూ, చూడ్డానికేం పోయిందండీ, లోపలికి రండి, కొనకపోతే మానెయ్యండి. ఆ మాటకే తనూ పడ్డాడు. వాళ్ళు మంచినీళ్ళిచ్చారు. ముందు అన్నిటికన్నా ఖరీదైన ప్యాకేజీ చూపించారు, మిగతావి చవగ్గా కనపడటానికి. తనూ అంతే చేస్తాడు. ఈ నెలలో ఇంక ఒక్క చోటే ఖాళీ ఉందన్నారు. తనూ అంటాడు, ఈ రంగులో ఇదొక్కటే మిగిలిందని. ప్రతి అడుగూ ముందే తెలుసు, పాత పాట విన్నట్టుంది, ఒకచోట అమ్మాయి తడబడితే అందించబోయాడు కూడా. అప్పుడు చేశాడు ఆ పని. వ్యాపారస్థుడు వద్దు అనడు. వద్దంటే అవతలివాడి సరుకుని అవమానించినట్టు, రేపు మళ్ళీ మొహం చూడాలి. అందుకని అవతలివాడు చచ్చినా ఇవ్వలేని ధర ఒకటి చెప్తాడు. వాడు నవ్వుతాడు, తనూ నవ్వుతాడు, ఇద్దరూ పరువుగా విడిపోతారు. అలాగే వాళ్ళు చెప్పిన దాంట్లో నాలుగో వంతు చెప్పాడు. సిగ్గులేని ధర. లేవడానికి సోఫా చేతుల మీద రెండు చేతులూ ఆనించాడు కూడా. అమ్మాయి "ఒక్క నిమిషం సార్, లోపల అడిగొస్తా" అని వెళ్ళింది, ఆయన పూర్తిగా లేచేలోపే నవ్వుతూ తిరిగొచ్చింది: "మేడమ్ కోసం ఒప్పుకున్నారు సార్."

అంతే. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుంది, ఏ నల్ల పెట్టె ముందు ఏ కార్డు పెట్టినా తెరుచుకోనంత గట్టిగా. నాలుగో వంతుకి ఇచ్చే సరుకు ఏ సరుకో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ తను చెప్పిన ధరకి అవతలివాడు ఒప్పుకున్నాక వెనక్కి పోవడమన్నది తన తండ్రి చెయ్యలేదు, తను చెయ్యలేదు. అలా చేసినవాడికి మర్నాటి నుంచి బజార్లో తాను విప్పి చూపించేవాడు ఉండడు. ఇది బజారు కాదురా, ఇది మీ ఆవిడ వెన్ను, అని లోపల అరిచాడు. నోరు మాత్రం ఏళ్ళ అలవాటుకొద్దీ "సరే, కానివ్వండి" అంది. తిరిగి చూస్తే ఆమె కళ్ళు దించుకుని ఒళ్ళో దుప్పటి అంచు వేళ్ళతో సరిచేసుకుంటోంది. బావమరిది "బావా, బేరమంటే నీదే బేరం!" అని వీపు మీద చరిచాడు. ఆ రాత్రి కొట్టు మూసేటప్పుడు ఆమె "పరదాల గుడ్డ కిందికి దింపించకండి, పైనే ఉండనివ్వండి" అంది. ఆమె పడ్డాక పై అంతస్తు సరుకంతా కిందికి మార్చేద్దామని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. సరే అన్నాడు. దుకాణం మెట్ల వైపు చూడకుండా దీపం ఆర్పాడు. దింపించకండి అంటే ఎక్కుతానని కదా. ఆమె ఎక్కుతానంటుంటే నువ్వు ఎక్కలేవే అని చెప్పడానికి ఏ గొంతు కావాలి, ఆ గొంతు ఏ కొట్లో దొరుకుతుంది? అనొచ్చు, అంటే ఆమె ఒకే ఒక్క మాట తిరిగి అనొచ్చు, మీకేమండీ, మీ కాళ్ళు మీకున్నాయి అని. ఇన్నాళ్ళూ అనలేదు. అనకుండా మింగిన ఆ మాట ఆ ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది, వంటింట్లో అడ్డమొస్తుంది, మంచం మీద మధ్యలో పడుకుంటుంది. పొడవనిస్తే చేతులు పోవచ్చు. ఆపితే ఆ మాట వినాలి. ఎటు లెక్కేసినా కింద తేలేది నష్టమే, ఏ నష్టం భరించగలవో చెప్పు అని అడుగుతోంది ఈ సోఫా, మెత్తగా, నడుం దాకా మింగి.

టీవీలో ఆయన మళ్ళీ లేచి నడిచాడు. "లేపరా నన్ను," అన్నాడు కొట్టాయన.

"బాత్రూమా బావా?"

"లేపమన్నానా?"

బావమరిది లాగితే లేచి, తలుపు దగ్గరికెళ్ళి అరచేత్తో కొట్టాడు. ఎవరూ రాలేదు, మళ్ళీ కొట్టాడు, గుమాస్తా రాని రోజు కొట్టు షట్టరు తట్టినట్టు. కౌన్సిలర్ అమ్మాయి తలుపు సగం తెరిచి ఆ సగంలో తను నిలబడింది. ఆపెయ్యమన్నాడు. "ఏమైంది సార్? ప్రాసెసింగ్ అయిపోవచ్చింది కదా." డబ్బు వాపసు అక్కర్లేదు, ఆపితే చాలన్నాడు. "బావా, మతి పోయిందా, అక్క ఎంత ఆశ పెట్టుకుందో తెలుసా నీకు?" అంటూ బావమరిది భుజం పట్టుకున్నాడు. అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది, ఆ చూపు ఆయనకి తెలుసు, జారిపోతున్న కొనుగోలుదారుణ్ణి అలాగే చూస్తారు, తనూ చూశాడు. గొంతు తగ్గించింది. "సార్, మిమ్మల్ని పాత పేషెంట్ల కిందే లెక్కేస్తాం. ఇంకో మూడు నెలలకి రెండో డోసు, అది మా తరఫున ఉచితం." ఒకటి కొంటే ఒకటి ఉచితం. పండిన టొమాటోలు సాయంత్రానికి అలా ఇస్తారు. ఇంత దాకా తక్కెట్లో అటూ ఇటూ వేస్తూ కూర్చున్న లోపలివాడు అప్పటికి చేతులెత్తేశాడు, ఇంక వెయ్యడానికి వాడి దగ్గర ఏమీ లేదు. "నేను ఆవిడతో మాట్లాడాలి," అన్నాడు. అడ్డు తప్పుకోకపోతే తోసుకుపోయేటట్టున్నాడని అనిపించిందేమో, అమ్మాయి తప్పుకుంది.

లోపలి గది ఇంకా చల్లగా ఉంది. ఆమె గోడ వైపు ఒత్తిగిలి పడుకుని ఉంది, వీపు మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ మధ్యలో పలకంత కంత, ఆ కంతలో మెడ కింద చర్మం మీద నీలం కలంతో గుర్తు. ఎంత చిన్న వీపు. నర్సు ట్రేలో ఏవో సర్దుతోంది.

"వచ్చారా," అంది ఆమె, తల తిప్పకుండా. "ఈ గుడ్డ చూశారా? మన కౌంటరు తుడవడానికి కూడా పనికిరాదు."

"చూశాను."

"బయటేంటి గొడవ? మా వాడి గొంతు వినపడింది."

"రెండోది ఉచితమంట."

ఆమె భుజాలు ఒకసారి కదిలాయి. నవ్విందో, చలికో. ఆయన చుట్టూ తిరిగి గోడకీ మంచానికీ మధ్య ఇరుకులో దూరి, ఆమె మొహం కనపడేటట్టు గొంతుక్కూర్చున్నాడు. "ఇది సరుకు కాదే," అన్నాడు. "మంచి సరుకు ఎక్కడో తయారవుతోంది. ఇది మాత్రం అది కాదు. వీళ్ళ సూది తేడా చేస్తే ఈ చేతులు కూడా ఉండవు."

"ఆ రోజు మీరు తప్పించుకోడానికే ఆ ధర చెప్పారు."

ఆయన జారుతున్న ఆకుపచ్చ గుడ్డ అంచుని ఆమె భుజం మీదికి లాగాడు.

"నాకు తెలీదనుకున్నారా? ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాను. వాళ్ళు ఒప్పుకోగానే మీ మొహం చూడలేక దుప్పటి చూసుకున్నాను."

"తెలిస్తే మరి అప్పుడే అనొచ్చుగా?"

"మీరంటారేమోనని నేను చూశాను. నేనంటానేమోనని మీరు చూశారు. పొద్దున ఎముకలో గుచ్చేదాకా వచ్చింది ఇద్దరి మర్యాద." కాసేపు ఆయన చొక్కా జేబు వైపు చూసింది. "అయితే ఇంక ఇంతేనా?"

"ఇంతేనని ఆ డాక్టరమ్మ అనలేదు. రాలేదంది ఇంకా. వస్తుందంది."

"వచ్చేదాకా?"

ట్రేలో ఏదో ఇనుప వస్తువు మోగింది.  

"మీకేమండీ," అంది ఆమె. గట్టిగా అనలేదు, ఎప్పటి నుంచో దాచిపెట్టి మెత్తబడిపోయిన మాటలా వచ్చింది. "ఒక మాట నచ్చకపోతే లేచి అలా బజార్లోకి వెళ్ళొస్తారు. నేను అక్కడే ఉంటాను. ఆ మాట దగ్గరే ఉంటాను."

ఆయన లేవలేదు. లేస్తే ఆ మాట నిజమవుతుంది, లేవకపోయినా నిజమే. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి, నొప్పి పుట్టడానికి మోకాళ్ళున్నందుకు సిగ్గేసింది. ఆమె కళ్ళు మూసుకుంది, అరచేత్తో మంచం మీది పరుపుని అలవాటుగా ఒకసారి తడిమింది, కళ్ళు తెరిచింది.

"నా చొక్కా ఇటివ్వండి."

నర్సు తిరిగి చూసింది. "అమ్మా, కదలకండి, డాక్టర్ సార్ వచ్చేస్తున్నారు."

"రానివ్వు తల్లీ. నేనేమీ పారిపోనుగా."

ఆయన ఆకుపచ్చ గుడ్డ తీసి పక్కన పడేశాడు. మెడ కింద చెయ్యి వేసి, ఇంకో చెయ్యి నడుం చుట్టూ వేసి లేపి కూర్చోబెట్టాడు. ఛాతీ కింద ఆమెకి తన బరువు తెలీదు, ఆ బరువంతా ఆయన చేతికి తెలుస్తుంది. ముందు గుండీలుండేటట్టు కొట్లోనే కుట్టించిన వదులు చొక్కా అది, ఒక చెయ్యి దూర్చాడు, ఇంకో చెయ్యి దూర్చాడు. గుండీ పెట్టబోతే ఆమె ఆయన వేళ్ళని పక్కకి నెట్టింది.

"నేను పెట్టుకుంటాను."

ఆయన వైపు చూడకుండా పెట్టుకుంది, మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ. ఒక్కో గుండీ కాజాని వెతుక్కుని దూరుతోంది. తలుపు దగ్గర తెల్లకోటు వచ్చి నిలబడింది, దాని వెనక కౌన్సిలర్ అమ్మాయి, ఆ అమ్మాయి వెనక బావమరిది, ఎవరో ఏదో అడిగారు. ఆమె వినిపించుకోలేదు. కింది దాకా వచ్చాక చూసుకుంటే చొక్కా ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. పైన మొదటిదే తప్పు కాజాలో పడింది. ఆమె పళ్ళు బిగించి అన్నీ విప్పింది, మళ్ళీ మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆయన ఆమె వీపుకి ఆనించిన చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. తీస్తే ఆమె పడిపోతుంది.